ఫోన్ ఆమెకియ్యి

ఫోన్లో కసరత్తు చెప్పే ఉద్యోగాలు ఈమధ్య చాలా వచ్చాయి. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో దవాఖానలో పది పదిహేను రోజులు పడుకుని ఇంటికి పోయిన మనిషికి నడక, ఊపిరి, కాళ్ళ బలం వాటంతట అవే తిరిగి రావు. కసరత్తు చేయించాలి. ఆ మనిషి ఊరేమో దూరం, ఆటోలో కూర్చునే ఓపిక కూడా ఉండదు, కాబట్టి ఫోన్ చేసి చెప్పండి అంటారు. ఆ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకిచ్చే శిక్షణలో ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పరని నాకు తెలుసు. శిక్షణ ఇచ్చేవాళ్ళలో కొందరిని నేనెరుగుదును.

నేను ఫిజియోథెరపిస్టుగా నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు దవాఖానల్లో పనిచేసి రిటైరయ్యాను. ఆ దవాఖానల పేర్లు రాయను. పేరు రాస్తే ఆ ఒక్క చోటే అట్లా జరిగిందనుకుని మిగతావాళ్ళు నిశ్చింతగా ఉంటారు. జనం నన్ను కసరత్తు సారు అనేవాళ్ళు, కొందరు కరెంటు సారు అనేవాళ్ళు. నొప్పి ఉన్నచోట మెషిన్ తీగలు పెట్టేది నేనే కాబట్టి ఆ పేరు. "జర కరెంటు పెట్టు సార్, కసరత్తు ఇంటికాడ చేసుకుంట" అనని రోగి లేడు. ఇంటికాడ చేసుకున్నవాళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ముందే చెబుతున్నాను, ఇది కోపంతో రాస్తున్నది. కోపం తగ్గాక రాద్దామని రెండేళ్ళు ఆగాను. తగ్గలేదు. అందులో సగం నా మీదే.

లీలమ్మ సిస్టర్ పరీక్ష

రాష్ట్రం వచ్చిన కొత్తలో నన్ను మహబూబ్‌నగర్ వైపు ఒక దవాఖానకు డిప్యుటేషన్ మీద పంపారు. అక్కడ హెడ్ నర్సు లీలమ్మ సిస్టర్. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళ నొప్పులు, నోరు మహా దురుసు. డాక్టర్లు కూడా ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు.

ఒకరోజు నిమోనియాతో చేరిన ఒక రైతు ఇంటికి పోతానని పేచీ పెట్టాడు. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ మంచి అంకెనే చూపిస్తోంది. కేసు షీటు బాగుంది. నేను కూడా పంపించొచ్చని సంతకం పెట్టబోయాను. లీలమ్మ సిస్టర్ వచ్చి కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"ఏం పెద్దాయనా, ఇంటికి పోతవా? ఒక్క ఊపిరిల ఒకటికెళ్ళి లెక్కవెట్టు. మధ్యల ఊపిరి తీస్తే మల్ల నాకాడనే ఉంటవ్."

ఆయన నవ్వుతూ మొదలుపెట్టాడు. ఏడు దగ్గర ఆగిపోయాడు. ఎనిమిది అనడానికి భుజాలు పైకి లేచాయి. ఆమె నావైపు తిరిగింది.

"సూసినవా సార్? మీటర్ కూసున్న మనిషిని సూపెడ్తది. మాట లోపలి మనిషిని సూపెడ్తది. ఎనకట మాకు మీటర్లు యాడియి? మాట ఇని చెప్పెటోళ్ళం."

ఆ రోగిని ఇంకో వారం ఉంచాం. కూర్చున్నప్పుడు బాగుండే ఆయన ఆక్సిజన్, వరండాలో నడిపించేసరికి జారిపోతోందని ఆ సాయంత్రమే తేలింది. అప్పటి నుంచి ఏ రోగి దగ్గరికి పోయినా మొదట లెక్కపెట్టించేవాణ్ణి. ఆరేడేళ్ళు వార్డులో అదే నా మొదటి పరీక్ష. ఈ సంగతి గుర్తుంచుకోండి. చెవితో చేసే ఆ పరీక్షను, చెవితో తప్ప మరి దేనితోనూ పనిచేయలేని ఫోన్ చేతికొచ్చిన రోజున నేను మరిచిపోయాను.

ప్లాస్టిక్ కుర్చీ, పదికి పది

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో వార్డులు నిండిపోయి, కాస్త తేరుకున్నవాళ్ళను తేరుకున్నట్టే ఇంటికి పంపించేవాళ్ళు. అప్పటికి నేను మళ్ళీ నల్గొండ వైపు వచ్చాను, అక్కడ మా దవాఖానలో ఫోన్ ప్రోగ్రాం మొదలైంది. డిశ్చార్జి అయిన రోగికి ఒక కసరత్తుల కాగితం, ఒక వేలి మీటర్, సెల్లుకు ఒక వీడియో ఇస్తాం. వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తాం. ఎనిమిది వారాలు.

ఆ వీడియో చూశారా మీరు? పట్నంలో ఏసీ గదిలో ఒక అమ్మాయి, బిగుతు ప్యాంటు, నేల మీద చాప, పక్కన పూలకుండీ. ఆమె కాళ్ళు పైకెత్తి చూపిస్తుంది. మా రోగులేమో చీరకట్టుకుని, ఒకే గది ఇంట్లో, మామ ఎదురుగా కూర్చుని ఉండగా ఆ కసరత్తు చేయాలి. ఏ ఆడమనిషి చేస్తుంది? "ఈ వీడియో మనవాళ్ళకు పనికిరాదు, మనమే ఒకటి తీద్దాం, మన సిస్టర్‌నే నిలబెడదాం" అని మీటింగులో అన్నాను. పైనుంచి వచ్చిన వీడియో సార్, మార్చడానికి లేదన్నారు. పైనుంచి వచ్చిందనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. పైన ఉన్నవాళ్ళలో ఎవరికీ మా వార్డు మంచాల సంఖ్య కూడా తెలియదు.

నా తప్పులు తక్కువేం కాదు. కుర్చీలో కూర్చుని లేవడం మొదటి కసరత్తు. చిట్యాలలో ఒక ముసలాయనకు ఫోన్లోనే చెప్పాను. ఆయన ఇంట్లో ఉన్నది ప్లాస్టిక్ కుర్చీ, కింద నున్నటి బండలు. మూడోసారి లేవబోతే కుర్చీ వెనక్కి జారింది, ఆయన తుంటి మీద పడ్డాడు. ఎముక విరగలేదు గాని మనిషి మళ్ళీ మంచమెక్కాడు. కుర్చీని గోడకు ఆనించమని నేను చెప్పలేదు. చూడని ఇంట్లో చూడని కుర్చీ మీద మనిషిని లేపాను.

ఆయాసం పదికి ఎంత అని అడగాలని కాగితంలో ఉంది. సున్నా అంటే ఆయాసమే లేదు, పది అంటే ప్రాణం పోతున్నట్టు. రిటైరైన బడిపంతులు ఒకాయన ప్రతిసారీ "పదికి పది సార్" అనేవాడు. ఆయన గొంతు వింటే నిక్షేపంగా ఉంది. మూడోవారం విడమరిచి అడిగితే తెలిసింది, ఆయన తనకు తాను మార్కులు వేసుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు వేసిన మనిషి, తనకు వేసుకునే అవకాశం వస్తే తక్కువెందుకు వేసుకుంటాడు? ఆ కేసు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ముందు ముందు చెప్పబోయే కరుణమ్మ కేసు తలుచుకుంటే నవ్వు రాదు.

ఇంచార్జి

ఈ ప్రోగ్రాంకు ఇంచార్జి డాక్టరు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. చెడ్డవాడు అనను. వార్డులో రోగి ముందు నిలబడితే ఓపిగ్గా మాట్లాడేవాడు, పేర్లు గుర్తుపెట్టుకునేవాడు. మీటింగులో తెర ముందు కూర్చుంటే మాత్రం ఆ మనిషి ఎటు పోయేవాడో తెలియదు. అక్కడ ఆయనకు రెండే ప్రశ్నలు. ఫోన్లు ఎన్ని అయ్యాయి? గ్రాఫు ఎటు పోతోంది?

రోగి ఇంటికి ఒక్కసారైనా పోయి చూద్దామని అడిగాను.

"ఇంటింటికి తిరిగితే దీన్ని ఫోన్ ప్రోగ్రాం అని ఎందుకంటరు సార్? ఫోన్ సరిపోతదని చూపెట్టడానికే గద మనం ఇది చేస్తున్నం."

ఆయన మాట అక్షరాలా అదే. రోగి లేవడం కోసం కాదు, ఫోన్ సరిపోతుందని చూపెట్టడం కోసం. నేను ఆ రోజు లేచి ఏదో ఒకటి అనాల్సింది. సర్వీసు ఇంకో ఏడాది ఉంది, లొల్లి ఎందుకని కూర్చున్నాను. కూర్చున్న ఆ పిరికితనానికి నేనిప్పుడు ఏ పేరూ పెట్టను, మీరే పెట్టుకోండి.

ఏసోబు చెప్పిన అంకెలు

కరుణమ్మది కట్టంగూర్ మండలంలో ఒక ఊరు. వయసు యాభై దాటింది. వాళ్ళ పెద్దలకు గుంట భూమి కూడా లేదు. ఆమె, భర్త ఏసోబు కూలి చేసి ఎకరం చెలక సంపాదించుకున్నారు. ఏసోబు వాళ్ళ చర్చిలో సంఘపెద్ద, మెత్తని మనిషి. కరుణమ్మ నాట్ల గుంపుకు పెద్ద. వెంట పన్నెండు మంది ఆడవాళ్ళు. నాట్ల రోజుల్లో తెల్లవారి వాడ మొదట్లో నిలబడి ఆమె ఒక్క కేక వేస్తే పన్నెండు ఇళ్ళ తలుపులు తెరుచుకునేవట.

"మా ఇంటామె కేకేస్తే పక్కూరి గుంపు గూడ లేస్తది సార్" అని ఏసోబు వార్డులో నాతో చెప్పాడు. అప్పుడామె ఆక్సిజన్ మాస్కు కింద పడుకుని ఉంది. ఆమె ఊపిరి తిరిగి రావాలని, ఆ వానకాలం కాకపోతే యాసంగి నాట్లకైనా గుంపు ముందు నిలబడాలని ఆ మనిషి ఆశ. ఆమె ఆశ ఏమిటో నేను అడగలేదు.

పంతొమ్మిది రోజులకు డిశ్చార్జి అయింది. ఆ రోజు నేనేం చేశానో వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరూ రేపు ఇదే చేస్తారు. కరుణమ్మను చక్రాల కుర్చీలో వరండా గోడ పక్కన నిలిపాం. ఆమెకు అలసటగా ఉంది, కళ్ళు మూసుకుంది. నేను ఏసోబును ఎదురుగా నిలబెట్టి కసరత్తులన్నీ చూపించాను. కూర్చుని లేవడం, చేతులు పైకెత్తడం, పెదవులు బిగించి మెల్లగా గాలి వదలడం, నడవడం. చూపించాక చేయించాలని పుస్తకంలో ఉంది. "ఏదీ, చేసి చూపించు" అన్నాను. ఆయన అక్కడే అన్నీ చేశాడు. ఒక్క తప్పు లేదు. భుజం తట్టి, "శభాష్ ఏసోబు, బాధ్యత నీదే. రోజూ తప్పకుండా ఇట్లనే చెయ్యాలె. చేసినంక వేలికి మీటర్ పెట్టి నాకు చెప్పాలె" అన్నాను. ఆయన తల ఊపాడు.

తర్వాత ఆరు వారాలు ఆయనంత క్రమంగా జవాబిచ్చిన మనిషి మరొకరు లేరు. మొదటి రింగుకే ఎత్తేవాడు. కూర్చుని లేవడం మొదటివారం ఎనిమిది. తర్వాత పన్నెండు. ఇరవై. ఆక్సిజన్ తొంభై ఏడుకు తగ్గేది కాదు. "మొదట రెండు దినాలు తొడలు పట్టేసినయ్ సార్, ఇప్పుడు మంచిగైంది" అన్నాడు. కండ పనిచేయడం మొదలుపెట్టిందన్నమాట అని సంతోషంగా రాసుకున్నాను. రెండుసార్లు మాత్రం కరుణమ్మ ఎట్లా ఉందని అడిగాను.

"పండుకున్నది సార్, లేపాల్నా?"

"వద్దు, పండుకోనీ" అన్నాను. రెండుసార్లూ అదే అన్నాను.

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికి ఒకడు. నేను కట్టేసింది దూడను కాదు, గ్రాఫును. ఇంచార్జి డాక్టరు ఆ గ్రాఫును మీటింగులో తెర మీద వేసి, పంతొమ్మిది రోజులు ఆక్సిజన్ మీదున్న మనిషి ఇంట్లోనే ఎంత బాగా కోలుకుందో చూడండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మిరుగం కార్తె పోయి, జూన్ ఆఖరుకు ఆరుద్ర వచ్చింది. ఏసోబు ఆ రోజు ముప్పై అని చెప్పాడు.

"బ్రహ్మాండం. ఇంక ఆమెను మెల్లగా చెలక దాకా నడిపియ్యి" అన్నాను.



"యాడ నడుస్తది సార్? మంచం దిగుతలేదాయె."

"మరి ముప్పైసార్లు లేసింది ఎవరు?"

"నేనే సార్."

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన గొంతులో తప్పు చేసిన జాడ లేదు. నిదానంగా చెప్పుకొచ్చాడు.

"ఆమెకు చాతనైతలేదు గద సార్. రెండో దినం లేపితె కండ్లు తిరిగి కూలవడ్డది. చుట్టాలు గూడ లేపొద్దన్నరు. మేం మనిషి పేరు మీద ఉపాసముంటం గద సార్, ప్రార్థన చేస్తం గద. ఆమె పేరు మీద ఒక్కపొద్దులున్న. గట్లనే మీరు చెప్పినయి గూడ ఆమె పేరు మీద నేనే చేస్తున్న. ఒక్క పూట తప్పలె."

"మీటర్?"

"చేసినంక వేలికి పెట్టుమన్నరు గద సార్. చేసింది నేనైతె నా వేలికే పెట్టిన."

ఆ మనిషిని ఏమనాలి? ఏ ఒక్క అంకె అబద్ధం చెప్పలేదు. మా అమ్మ నా పరీక్షల కోసం చెప్పులు లేకుండా గుట్టెక్కింది. ఊళ్ళలో జబ్బు మనిషి పేరు మీద ఇంకొకరు గుండు చేయించుకుంటారు, పొర్లుదండాలు పెడతారు. ఒకరి కష్టం ఇంకొకరు మోస్తే చేరుతుందని మనందరం నమ్మే పెరిగాం. ఆయనకు కసరత్తు నేర్పింది నేను. ఇట్లనే రోజూ చెయ్యమని భుజం తట్టింది నేను. ఆరు వారాలు ఆయన ఊపిరి మాత్రమే విని, అది ఎంత చక్కగా ఉందో రాసుకున్నది కూడా నేనే. ఫోన్ పెట్టేశాక నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

కరుణమ్మ అన్న మాటలు

ఎవరినీ అడగలేదు. మరునాడు ఆదివారం బండి తీసుకుని నల్గొండ నుంచి వాళ్ళ ఊరికి పోయాను.

కరుణమ్మ నులక మంచంలో గోడకు దిండు వేసుకుని ఆనుకుని ఉంది. వార్డులో చూసిన మనిషి కాదు. తొడలు నా ముంజేతులంత అయ్యాయి. ఆడబిడ్డ అన్నం కలిపి తినిపిస్తోంది. ప్రేమకు లోటు లేదు ఆ ఇంట్లో. నేల మీద అడుగు పెట్టనివ్వకుండా, గిన్నె ముట్టనివ్వకుండా చూసుకుంటున్నారు. జబ్బు నుంచి లేచిన ఆడమనిషిని నడిపిస్తే వాడకట్టు వాళ్ళు నోరు చేసుకుంటారని భయం కూడా ఉంది.

"అమ్మా, ఒక్క ఊపిరిల లెక్క పెడతవా?" అన్నాను.

ఒకటి, రెండు, మూడు. ఆరు దగ్గర ఆగింది. భుజాలు పైకి లేచాయి. లీలమ్మ సిస్టర్ ఆ గుమ్మంలో నిలబడి నన్ను చూస్తున్నట్టే అనిపించింది.

కరుణమ్మ ఊపిరి కూడదీసుకుని మాట్లాడింది. రెండు మూడు మాటలకొకసారి ఆగుతోంది, అయినా వదల్లేదు.

"నువ్వేనా... కసరత్తు సారువి?"

"అవునమ్మా."

"నెలన్నరాయె... మా ఇంటాయనతోని మాట్లాడవడితివి. రోగమెవలికి... వచ్చింది సార్? నాకా... ఆయనకా?"

 తల వంచుకున్నాను. ఏసోబు గుమ్మం దగ్గర నిలబడి, "సారుననకు, నాదే తప్పు" అన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"నువ్వు నా పేరు మీద... ఉపాసముంటె దేవుడింటడు. నా కాళ్ళింటయా?"

నలభై ఏళ్ళ సర్వీసులో నా వృత్తిని ఇంత సూటిగా చెప్పిన మాట ఇంకోటి వినలేదు. పుస్తకాలు రాసినవాళ్ళు కూడా ఇంతకంటే చెప్పలేరు.

ఆ పూటే మొదలుపెట్టాం. కుర్చీ మాట ఎత్తలేదు. వాళ్ళ ఇంటి ముందు సిమెంటు గద్దె ఉంది, ఎత్తు సరిగ్గా సరిపోయింది, జారే భయం లేదు. ఆమెను పట్టుకుని అక్కడికి తీసుకొచ్చి కూర్చోబెట్టాం. మీటర్ ఆమె వేలికి పెట్టాను. ఒక్కసారి లేచి నిలబడింది. అంకె ఎనభై తొమ్మిదికి పడింది. కూర్చోబెట్టి, పెదవులతో గాలి వదిలిస్తే మూడు నాలుగు నిమిషాలకు తేరుకుంది. ఒక్కసారి లేచి నిలబడితేనే అంకె అట్లా పడిపోయే మనిషిని పెద్ద డాక్టరుకు మళ్ళీ చూపించాలి. ఇంట్లో కొన్నాళ్ళు ఆక్సిజన్ మెషిన్ పెట్టాలి. ఆరు వారాల కింద తెలియాల్సిన సంగతి అది. మీటర్ తప్పు చెప్పలేదు. మేమే వేరే వేలిని చూశాం.

ఏసోబుకు ఒక పని చెప్పాను. ఆమె లేస్తుంటే చెయ్యి అందేంత దూరంలో నిలబడాలి, పడబోతే తప్ప ముట్టుకోకూడదు. ఆ మనిషికి అన్నిటికంటే కష్టమైన కసరత్తు అదే అయింది. చేతులు వెనక్కి కట్టుకుని, పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు. నేను బండి ఎక్కబోతుంటే దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"మరి నేను చేసినయన్ని పోయినట్టేనా సార్?"

"నీ కాళ్ళకు మంచిదే ఏసోబు" అన్నాను.  అంతకంటే మంచి జవాబు కోసం దారి పొడుగునా వెతికాను.

తెర మీద గ్రాఫు

సోమవారం ఇంచార్జి డాక్టరుకు అంతా చెప్పాను. మొదట ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. వెంటనే పెద్ద దవాఖానకు ఫోన్ చేసి కరుణమ్మకు ఆక్సిజన్ మెషిన్ ఇప్పించాడు. ఆ మాట రాయకపోతే అన్యాయమవుతుంది. ఆ తర్వాత, ఆ గ్రాఫు తీసేయాలి, ఇట్లా జరిగిందని అందరికీ చెప్పాలి అన్నాను.

"ఒక్క కేసు సార్ అది. నివేదిక పైకి పోయింది. ఇప్పుడు అది తప్పంటే మొత్తం ప్రోగ్రాంనే అనుమానపడతరు."

"అనుమానపడాలె సార్. మిగిలిన ఇండ్లల్ల ఫోన్ ఎత్తుతున్నది ఎవలో మనకు తెలుసా? ఎవల వేలుకు మీటర్ పెడుతున్నరో తెలుసా?"

"మీరు రిటైర్మెంటుకు దగ్గరున్నరు. ఎందుకు సార్ గీ లొల్లి?"

ఈసారి కూర్చోలేదు. ఉత్తరం రాసి ఇచ్చాను. తీసుకున్నట్టు రసీదు ఇచ్చారు, ఆ తర్వాత దాని గతి ఏమైందో నాకు తెలియదు. మిగిలిన రోగులకు నేనే వరసపెట్టి ఫోన్లు చేశాను. ఎత్తిన ప్రతివాళ్ళనూ రోగికి ఇవ్వమన్నాను. "ఆమెకు సరిగ మాట్లాడరాదు సార్, నాకు చెప్పుండ్రి" అని ఎంతమంది కొడుకులు, ఎంతమంది మొగుళ్ళు, ఎంతమంది కోడళ్ళు అన్నారో. సరిగ మాట్లాడరానిదే నాకు కావాలి. మాట ఎక్కడ తెగుతుందో అక్కడే జబ్బు ఉంది. కరుణమ్మలాగే మంచం దిగనివాళ్ళు ఇంకో ఇద్దరు దొరికారు, వాళ్ళలో ఒకాయన సెల్లు పట్నంలో ఉన్న కొడుకు దగ్గరుంది. తండ్రిని చూసి రెండు నెలలైన కొడుకు, అన్నీ చేస్తున్నాడని మాకు చెబుతూ వచ్చాడు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. వీడియో పంపినవాళ్ళది కొంత, ఫోన్లు లెక్కపెట్టినవాళ్ళది కొంత, పడుకోనీ అన్న నాది కొంత. పంచుకునేసరికి ఎవరి వాటా వాళ్ళకు చిన్నదిగా కనిపిస్తుంది. మోసింది మాత్రం ఒక్క మనిషి. ఊపిరితిత్తుల్లో జబ్బు మిగిల్చిన మచ్చ నా చేతిలో లేదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. తొడల కండ నా చేతిలో ఉండింది. దాన్ని ఆరు వారాలు మంచానికి వదిలేశాను.

ఫోన్ మీద మీకు నమ్మకం పోవాలని ఇదంతా రాయడం లేదు. అట్లా అనుకుంటే నన్ను సరిగ్గా చదవలేదన్నమాట. ఆ తర్వాత కరుణమ్మతో నేను పనిచేసింది కూడా ఎక్కువగా ఫోన్లోనే. రోజూ పొద్దున చేసేవాణ్ణి. ఆమె గొంతు వినేవాణ్ణి. ఆరు, ఎనిమిది, పదకొండు. ఒక వారం మళ్ళీ తొమ్మిదికి పడితే జ్వరమేమైనా వచ్చిందా అని అడిగాను, దాచిన జ్వరం బయటపడింది. చెవి పెట్టడం తెలిస్తే ఫోన్ మంచి పనిముట్టే. మేం దాన్ని అంకెలు అడిగి రాసుకోవడానికి వాడాం.

ఆ వానకాలం నాట్లు ఆమె లేకుండానే అయిపోయాయి. గుంపును ఇంకొకామె నడిపింది. యాసంగికి కరుణమ్మ పొలం దాకా నడిచి వచ్చి గట్టు మీద కూర్చుని చూసింది. నేను ఆ తర్వాత రిటైరయ్యాను.

మొన్న వచ్చిన ఫోన్

మొన్న వానకాలంలో ఒకరోజు ఆమే ఫోన్ చేసింది. ఏసోబు కాదు, ఆమె. ఇప్పుడు ఆమెకు సొంత సెల్లు ఉంది. నేనడగకముందే లెక్క మొదలుపెట్టింది. ఇరవై ఎనిమిది దాకా ఒకే ఊపిరిలో చెప్పింది. ఇటు నేను ఒక్కణ్ణే కూర్చుని వేళ్ళు ముడుస్తూ విన్నాను.

"గుంపు మల్ల నాకాడికొచ్చింది సార్. బురదల దిగుత లేను గని గట్టు మీద నిలవడి పని చేపిస్తున్న."

"మంచిదమ్మా. మరి కేక?"

గొంతు తగ్గించింది. ఆయాసం వల్ల కాదు.

"అది రాలె సార్. శాన సార్లు సూసిన. సగంలనే దగ్గొస్తది. ఇంగ రాదనుకుంట."

నాకు కోపం మళ్ళీ మొదటి రోజులాగే వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఫోన్ గట్టిగా పట్టుకున్నాను. ఆ గ్రాఫు ఇంకా ఎక్కడో ఒక నివేదికలో ఉంటుంది, పైకి పోతూనే ఉంటుంది. దాని ప్రకారం ఈమె ఆరు వారాలకే పూర్తిగా కోలుకుంది.

"మరి గుంపును ఎట్ల లేపుతున్నవమ్మా?"

"ఫోన్ జేస్తున్న సార్. పన్నెండు మందికి పన్నెండు ఫోన్లు. సగం ఇండ్లల్ల మొగోళ్ళే ఎత్తుతరు. 'లేసింది, వస్తది పో' అంటరు. ఆమె లేసిందో పండుకున్నదో, పానం మంచిగున్నదో లేదో నాకేమెరుక? నేను ఇనను సార్. 'నీ మాటొద్దు, ఫోన్ ఆమెకియ్యి' అంట. ఆమె గొంతిన్నంకనే ఇంకో ఇంటికి జేస్త."